నీరటోని మనుమరాలు కబ్జాదారు ఎట్లయింది?

2024 సెప్టెంబరు చివరి వారంలో మా అమ్మ ఇంటి గోడ మీద ఎర్రరంగుతో మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసిపోయిండ్రు. ఆర్, బీ, ఎక్స్. మా అమ్మకు చదువు రాదు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని, డిగ్రీ చేసిన మొదటిదాన్ని, సర్కారు నౌకరీ చేస్తున్న మొదటిదాన్ని నేనే. కరెంటు బిల్లు, దవాఖాన చీటీ, కోర్టు నోటీసు, పెండ్లి పత్రిక, మా బస్తీలో ఎవరికి ఏ కాయితం వచ్చినా చిన్నప్పట్నుంచి చదివి చెప్పేది నేనే. ఆ రోజు కూడా అమ్మ ఫోను చేసింది.

"బిడ్డా, గోడ మీద ఏందో రాసిండ్రే, ఎర్రగ. అందరి గోడల మీద రాస్తున్నరు. జర వచ్చి చదువు."

బడి విడిచినంక పోయిన. చదివిన. రివర్ బెడ్ ఎక్స్‌ట్రీమ్ అని దాని అర్థం. మీ ఇల్లు నది గర్భంలో ఉంది అని.

"నది కడుపుల ఉన్నమట అమ్మా" అన్న.

"నేను కాపురానికొచ్చి నలభై ఏండ్లాయె. ఆళ్ళకు ఇయ్యాల తెలిసిందా?" అన్నది అమ్మ.

ఆమె అడిగినదానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు. కానీ ఆ వారమే పేపర్లలో, టీవీల్లో మాకొక పేరు మాత్రం దొరికింది. ఆక్రమణదారులు. కబ్జాదారులు. నది దారికి అడ్డం పడి నగరాన్ని ముంచుతున్నవాళ్ళు.

ఆ పేరు మీదనే నా పంచాయితీ. వరద ఎట్ల వస్తది, వచ్చిన నీళ్ళు ఎవరింట్లకు పోతయి, ఆ తర్వాత నేరం ఎవరి నెత్తిన పడ్తది అనే మూడు సంగతులను మేధావులు మూడు వేర్వేరు శాస్త్రాలుగా చదువుతున్నారు. మొదటిది ఇంజనీర్లకు, రెండోది విపత్తుల శాఖకు, మూడోది పోలీసులకు అప్పజెప్పారు. మా ఇంట్లో మాత్రం ఈ మూడూ ఒకటే కథ. ఆ కథ మూసీ ఒడ్డున మొదలు కాలేదు. మా తాత ఊళ్ళో, చెరువు కట్ట మీద మొదలైంది.

మా తాత నీరటి. పట్నంలో పుట్టినవాళ్ళకు ఈ మాట తెలియకపోవచ్చు. మా పాలమూరు దిక్కు చెరువున్న ఊళ్ళల్లో చెరువును కాసే పని మాలోళ్ళదో మాదిగోళ్ళదో అయ్యుండేది. మా ఊళ్ళో అది మా ఇంటిది. తూము తియ్యాలె, తూము మూయాలె. ఏ మడికి ఎన్ని నీళ్ళు పోవాలో పెద్ద కులాలోళ్ళు చెప్తే అన్నే పారించాలె. వానకాలం రాత్రులు గొంగడి కప్పుకొని కట్ట మీద పండాలె. కట్టకు బుంగ పడితే కేకేసి, ఊరోళ్ళు లేచి వచ్చేదాక తానొక్కడే తట్టతో మట్టి పోయాలె. ఇంత చేసిన మా తాతకు ఆ చెరువు కింద ఒక్క గుంట భూమి లేదు. పంట కోతలప్పుడు కల్లం కాడ నిలబడితే తువ్వాలలో ఇన్ని గింజలు పోసేవాళ్ళు. అదే జీతం. ఊరి పొలాలన్నిటికీ నీళ్ళు పారించిన ఆ చెయ్యి ఊరి బావిలో చేద వేస్తే మాత్రం బావి మైలపడేది.

మా వాడ ఎక్కడుండేదో కూడా చెప్తా. మత్తడి కింద. చెరువు నిండి మత్తడి దుంకితే ఊరంతా సంబురం. ఆడోళ్ళు పసుపు కుంకాలు తెచ్చేవాళ్ళు. మా అవ్వ మాత్రం పొయ్యిలో కట్టెలు, గోలెంలో జొన్నలు నెత్తికెత్తుకొని గట్టు మీదికి ఉరికేది. ఊరు మెరక మీద, వాడ పల్లంలో. నేను సోషల్ టీచర్ని. పిల్లలతో పటాలు గీయించడం నా పని. కొండలకొక రంగు, మైదానాలకొక రంగు వేయిస్తా. మా తాత ఊళ్ళో ఎత్తుపల్లాల పటం గీసి దాని మీద కులాల పటం పెడితే రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చుంటయి. దీన్ని ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పలేదు, బీఈడీలో కూడా చెప్పలేదు.

దళితుల చరిత్ర అంతా నీళ్ళ పక్కన జరిగిందే. 1927లో బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువులో నాలుగు గుక్కల నీళ్ళు తాగితే మన మనుషులను కొట్టిండ్రు. అదే 1927లో ఇక్కడ హైదరాబాదులో హిమాయత్‌సాగర్ కట్ట పూర్తయింది. 1985లో కారంచేడు మొదలైంది కూడా మాదిగపల్లె తాగే చెరువును మైలపరచొద్దు అన్నందుకే. మంచినీళ్ళ దగ్గర మమ్మల్ని దూరం పెట్టిండ్రు. ముంచే నీళ్ళ దగ్గర మాత్రం అందరికంటే ముందు నిలబెట్టిండ్రు.

1972 కరువుకు మా ఊరి చెరువు నెర్రెలు బారింది. నీళ్ళు లేని చెరువుకు నీరటి ఎందుకు? మా తాత అవ్వను, పిల్లగానిగా ఉన్న మా నాయినను తీసుకొని పట్నం బస్సెక్కిండు. మలక్‌పేట గంజిలో బస్తాలు మోసిండు. కిరాయికి అర్ర కోసం పాతబస్తీ గల్లీలన్నీ తిరిగితే కిరాయి ఎంతిస్తవు అనేదానికంటే ముందు "ఏం కులపోళ్ళు?" అని అడిగేవాళ్ళట. ఇప్పుడేమైనా మారిందా? 2019లో టీచరు పోస్టింగు వచ్చి నేను కిరాయి ఇల్లు వెతికినప్పుడు కులం అడగలేదు. "నాన్‌వెజ్ తింటారా మేడం?" అని అడిగిండ్రు. ఇంతే తేడా.

ఏ కులమని అడగని జాగ ఒక్కటే దొరికింది మా తాతకు. అది నది పక్కన. ఎవడో పహిల్వాను కట్టెతో గీతలు గీసి గజాల లెక్కన స్టాంపు కాయితం మీద అమ్మిండు. ఆ పహిల్వాను వెనక ఏ లీడరు ఉన్నడో బస్తీలో పిల్లగానికి కూడా తెలుసు. కొన్నది ఎవరు? నాలాలు తోడేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు, రిక్షా తొక్కేవాళ్ళు, ఇండ్లల్లో గిన్నెలు తోమేవాళ్ళు. మాలోళ్ళు, మాదిగోళ్ళు, బీదముస్లిములు. మా పక్కింటి ఖాలా నాకు మొదటి పలక కొనిచ్చిన మనిషి. ఆమె అత్తగారి ఇల్లు ఇంకో బస్తీలో కూలిపోతే ఇక్కడికి వచ్చింది.

పునాది తీసేటప్పుడు మా తాతకు తెలియదా అది నీళ్ళ జాగ అని? చెరువు కట్ట మీద పుట్టి పెరిగినోనికి తెలియక పోతదా! "గిది నీళ్ళ తొవ్వనే బిడ్డా. కని మెరక మీద మనకెవడిస్తడు?" అన్నడట మా నాయినతో. ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళొస్తయని తెలిసే గుడిసె నేల రెండడుగులు లేపి కట్టిండు. ఆ తర్వాత ఆ గుడిసెకు సర్కారోళ్ళే కరెంటు మీటరు పెట్టిండ్రు. ఇంటి నెంబరు వేసిండ్రు. నల్లా బిల్లు, ఇంటిపన్ను రశీదు, రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్ కార్డు అన్నీ ఆ నెంబరు మీదనే ఇచ్చిండ్రు. ప్రతి ఎలక్షన్‌కు అన్ని పార్టీలోళ్ళూ నది గర్భంలోకి దిగి వచ్చి చేతులు జోడించిండ్రు. అప్పుడు ఎవరికీ ఇది ఎక్స్‌ట్రీమ్ అనిపించలేదు.

ఇప్పుడు మూసీ చరిత్ర గురించి రెండు మాటలు. ఎందుకంటే మమ్మల్ని లేపినోళ్ళు కూడా చరిత్రే చెప్తున్నారు. 1908 అని భయపెడుతున్నారు.

1908 సెప్టెంబరు 28. పాతబస్తీ ముసలోళ్ళు దాన్ని తుగ్యానీ అంటారు. పదిహేను వేల మంది దాకా చచ్చిపోయారని అంచనా. పంతొమ్మిది వేల దాకా ఇండ్లు కూలినయి. అఫ్జల్‌గంజ్ దవాఖాన కొట్టుకపోయింది. దాని ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికిండ్రు. ఆ చెట్టు ఉస్మానియా దవాఖానలో ఇప్పటికీ ఉంది, మా పిల్లలను తీసుకపోయి చూపించిన. కోల్సావాడి అనే పేదల బస్తీ తుడిచిపెట్టుకపోయింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, బిడ్డ ఆ నీళ్ళల్లోనే పోయారు. ఆయన కవి కాబట్టి ఆయన దుఃఖం మనదాకా వచ్చింది. కోల్సావాడివాళ్ళ దుఃఖం ఎవరు రాసిండ్రు? 1906లోనే మన భాగ్యరెడ్డి వర్మ ఇదే నగరంలో జగన్ మిత్ర మండలి పెట్టి మన జనాన్ని కూడగట్టడం మొదలుపెట్టిండు. ఆ జనం ఎక్కడ ఉండేవాళ్ళు, తుగ్యానీలో ఎంతమంది పోయారు, నేను చదివిన ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. మనవాళ్ళ చావుకు లెక్కపుస్తకంలో వరుస కూడా ఉండదు. పరిశోధన చేసే విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ పని చెయ్యండి.

ఆ వరద మీద విచారణకు 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిండ్రు. ఆయన తేల్చినదాంట్లో ముఖ్యమైన సంగతి ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ యాది చేసుకోరు. నగరానికి మీదున్న మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగినయి. అంటే నది ఒక్కటే పొంగలేదు. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడ్డది, అది తెగి దాని కింది దాని మీద పడ్డది. మా తాత భాషలో చెప్పాలంటే గొలుసు తెగింది. అందుకే నీళ్ళను పైననే ఆపాలని ఆయన చెప్పిండు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసా నది మీద హిమాయత్‌సాగర్ 1927లో అట్ల వచ్చినయి. ఆ రెండూ మొదట వరద కోసం కట్టినవి. తాగునీళ్ళు ఆ తర్వాతి సంగతి.

ఇది ఎందుకు చెప్తున్నానో చూడండి. 1996 మార్చిలో 111 నెంబరు జీవో వచ్చింది. ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల్లో, పెద్ద కట్టడాల మీద, ఫ్యాక్టరీల మీద అడ్డు పెట్టింది. 2022 ఏప్రిల్లో 69వ నెంబరు జీవోతో ఆ అడ్డు తీసేసిండ్రు. చెప్పిన కారణం ఏమిటంటే, నగరం తాగునీళ్ళకు ఇప్పుడు వాటి మీద ఆధారపడటం లేదు కాబట్టి. అయ్యలారా, వాటిని కట్టింది ఎందుకు? పైన పది కిలోమీటర్ల నేల మట్టిగా ఉంటే వాననీళ్ళను తాగుతది, నిదానంగా విడుస్తది. అదే నేల మీద విల్లాలు, రోడ్లు, ఫాంహౌసుల సిమెంటు పరిస్తే పడ్డ వాన పడ్డట్టే ఉరికొస్తది. రిజర్వాయరు తొందరగా నిండుతది. గేట్లు ఎత్తుతరు. ఎత్తిన నీళ్ళు ఎక్కడికొస్తయి? చాదర్‌ఘాట్ కాడికి. మా అమ్మ ఇంట్లకు. పైన ఇల్లు కట్టినోడు రియల్ ఎస్టేటు అభివృద్ధి చేసినోడు. కింద ఆ నీళ్ళల్లో మునిగినోడు నదికి అడ్డం పడ్డోడు!

చెరువులది కూడా ఇదే లెక్క. పాతబస్తీ దక్షిణాన ఒకదాని కింద ఒకటి చెరువులుండేవి, వాటి మధ్యన నాలాలుండేవి. చెరువు శిఖం భూమి ఎండాకాలంలో ఖాళీగా కనిపిస్తది. దాన్ని ప్లాట్లు చేసి అమ్మితే చెరువులో నీళ్ళు పట్టే జాగ తగ్గుతది. మత్తడి నాలా మీద కాంప్లెక్సు కడితే పొర్లే నీళ్ళకు తొవ్వ ఉండదు. పొర్లనీయకపోతే కట్ట మీద బరువు పడుతది. నీరటి లేడు, బుంగ పడితే చూసే కన్ను లేదు. కట్ట తెగిపోతది. ఇది తెలుసుకోవడానికి మా తాతకు ఇంజనీరింగు చదువు అక్కర లేకపోయింది.

నీళ్ళు ఇంట్లకు రావడం నేను మొదటిసారి చూసింది 2000 ఆగస్టు 24న. ఒక్కరోజులో నగరంలో 24 సెంటీమీటర్ల వాన. నేను ఏడో తరగతి. ఏడో తరగతి పరీక్షలంటే అప్పుడు పెద్ద పరీక్షలు. తెల్లారేసరికి మంచం కాళ్ళు మునిగినయి. మా నాయిన నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకొని తెచ్చిండు. పుస్తకాల సంచి పోయింది. మూడు రోజుల తర్వాత బడికి పోతే ఒక సారు, "మీ వాళ్ళు నదిల ఎందుకు ఉంటరే?" అని క్లాసులో అందరి ముందట అడిగిండు. నాకు జవాబు తెలియలేదు. తల దించుకున్న. ఆ రోజు మా నాయిన ఏం చేస్తున్నడో సారుకు తెలియదు. మా ఇంట్లో బురద అట్లనే ఉండంగ, ఎవరిదో పెద్ద కాలనీలో నాలా తోడుతున్నడు. కాంట్రాక్టు కూలి. నడుము లోతు మురికిలో దిగి పూడిక తీసుడు. తీసిన పూడికను నాలా ఒడ్డునే కుప్ప పోసి బిల్లు ఎత్తుకున్నడు కాంట్రాక్టరు. తర్వాతి వానకు ఆ కుప్ప మళ్ళ నాలాలోకే పోయింది. మా నాయిన ఊపిరితిత్తులు పాడై పోయేదాక ఈ పనే చేసిండు. తాత చెరువు కాసిండు, కొడుకు నాలా తోడిండు. ఈ నగరం మునగకుండా చూసిన చేతులు ఎవరియి?

ఇరవై ఏండ్ల తర్వాత 2020 అక్టోబరు 13, 14. బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన. బేగంపేట లెక్క చూస్తే 2000లోనే ఎక్కువ పడ్డది. వాన అన్ని చోట్లా ఒక్కతీరు పడదు, నిజమే. కానీ చెరువుల కిందున్న పాతబస్తీ కాలనీల్లో 2020లో జరిగినంత నాశనం 2000లో చూసినోళ్ళు నాకు దొరకలేదు. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు రోడ్డు మీద మనుషులు కొట్టుకపోయిండ్రు. పల్లెచెరువు నీళ్ళు అలీనగర్, అల్ జుబేల్ కాలనీల మీద పడ్డయి. ఒకే ఇంట్ల ఎనిమిది మంది కొట్టుకపోయిండ్రు. బండ్లగూడలో గోడ కూలి ఇండ్ల మీద పడ్డది. నాలుగు రోజుల తర్వాత గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. విశ్వేశ్వరయ్య చెప్పిన గొలుసే మళ్ళ తెగింది, నూట పన్నెండేండ్ల తర్వాత.

కరోనాతో బడులు మూసి ఉన్నయి. టీచర్లం మాత్రం పోతున్నం. మా బడి పిల్లల ఇండ్లు వెతుక్కుంటూ పోయినం. నీళ్ళు తీసినా గోడలకు మనిషెత్తున బురద గీత ఉంది. ఒక పిల్ల నన్ను చూసి మొదట చెప్పింది బియ్యం పోయినయని కాదు. "టీచర్, ఫోన్ పోయింది" అన్నది. ఆన్‌లైన్ పాఠాలకు ముగ్గురు అక్కచెల్లెండ్లకు అదొక్కటే ఫోను. సర్కారు ఇంటికి పదివేలు ప్రకటించింది. మా పిల్లల్లో కొందరికి అందినయి, కొందరికి సగం అందినయి, కొందరి పేరు మీద ఎవరో తీసుకున్నరు. నవంబరులో మీసేవల ముందట మైళ్ళ పొడుగు లైన్లు. తర్వాత ఎలక్షన్ కోడ్ అని ఆపిండ్రు.

ఇక్కడ మనం కూడా ఒక తప్పు ఒప్పుకోవాలె. 2024 జూలైలో హైడ్రా పెట్టిండ్రు. ఆగస్టు 24న తమ్మిడికుంటలో ఎన్ కన్వెన్షన్ హాలును కూల్చిండ్రు. ఆ రోజు మా స్టాఫ్‌రూములో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నా. పెద్దోళ్ళ కట్టడం కూలితే మన కడుపు చల్లగైంది. మన కార్యకర్త మిత్రులు కూడా శభాష్ అన్నరు. బుల్డోజరు ఎవరిదని అడగలేదు, ఏ చట్టంతో, ఏ నోటీసుతో, ఎవరెవరికి ఒక్కటే కొలత పెడతారని అడగలేదు. నెల తిరిగేసరికి మా అమ్మ గోడ మీద ఎర్ర అక్షరాలు. చెరువుల్లో కాలేజీలు కట్టినోళ్ళకు మాత్రం విద్యా సంవత్సరం నడుస్తున్నది కాబట్టి పిల్లలు ఆగం కావద్దు అని గడువు దొరికింది. మంచిదే. పిల్లలు ఆగం కావద్దు. మరి అక్టోబరు మొదటి తారీకున మూసానగర్, శంకర్‌నగర్‌లో ఇండ్లు కూల్చినప్పుడు నడుస్తున్నది ఏ సంవత్సరం? సర్కారు బడిలో చదివే పిల్లలకు విద్యా సంవత్సరం ఉండదా? అది ఫీజు కట్టినోళ్ళకేనా?

బుల్డోజరు కూడా రాలేదు. గల్లీలు ఇరుకు కాబట్టి కూలీలను పెట్టి పలుగులతో, సుత్తెలతో కూలగొట్టించిండ్రు. మా గల్లీకి వచ్చిన కూలీల్లో ఒకడు పాలమూరోడే. మా అమ్మ యాస విని, "అమ్మా, ఏ ఊరే మీది?" అని అడిగి పలుగు కింద పెట్టిండట. తర్వాత మళ్ళ ఎత్తిండు. కూలి కదా, వాడేం చేస్తడు!

మా అమ్మకు నగరం అంచున, నాలుగో అంతస్తులో డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చింది. గోడలు గట్టివి. నీళ్ళు రావు. అబద్ధం ఎందుకు చెప్పాలె, ఇల్లు మంచిదే. ఇల్లు వద్దని మేము అనలేదు. గంజిలో ఉల్లిగడ్డలు ఏరే పని తెల్లారుజామున నాలుగింటికి మొదలవుతది. ఆ పొద్దుకు అక్కడినుంచి బస్సు లేదు. పని పోయింది. ఖాలాకు ఇంకో దిక్కు ఇల్లు వచ్చింది. కిరాయికి ఉన్నవాళ్ళకు ఏమీ రాలేదు, వాళ్ళు ఎక్కడికి పోయారో తెలియదు.

ఆ నెల మా బడి హాజరు రిజిస్టరులో ఒక్క తరగతిలోనే ఏడుగురు వరసగా గైర్హాజరు. ఆ దిక్కు చుట్టాల ఇండ్లల్లో ఉండి వచ్చే పిల్లలు కొందరు, ఇల్లు కూలినోళ్ళు కొందరు. ఇద్దరి తల్లులే టీసీ కోసం వచ్చిండ్రు. మిగిలిన అయిదుగురు ఏ బడిలోనూ చేరలేదని తర్వాత తెలిసింది. అందులో ఒక పిల్ల పదో తరగతి. ఆమె కూడా నాలెక్క ఇంట్లో మొదటిది. 2000లో నా పుస్తకాల సంచి ఒక్కటే పోయింది. ఇల్లు అదే జాగలో ఉండె, బడి నడిచిపోయేంత దూరంలో ఉండె, అందుకే నేను టీచర్నయిన. ఆ పిల్లకు నీళ్ళు సంచి తీసుకపోలేదు. ఆర్డరు తీసుకపోయింది.

స్టాఫ్‌రూములో ఒక మిత్రుడు, మంచివాడే, పర్యావరణం మీద వ్యాసాలు రాస్తడు, అన్నడు: "ఎంతైనా నదిలో ఇల్లు కట్టుకోవడం తప్పే కదా మేడం. సైన్సు ఒప్పుకోదు కదా." ఇరవై నాలుగేండ్ల కింద సారు అడిగిన ప్రశ్నే. ఈసారి తల దించలేదు.

సైన్సు ఒప్పుకోదు, ఒప్పుకుంటా. నీళ్ళ తొవ్వల ఎవరి ఇల్లూ ఉండొద్దు. మా ఇల్లు కూడా ఉండొద్దు. మా ఇండ్లు కూడా నదిని ఇరుకు చేసినయి. ప్రతి వానకు భయపడి మేము మట్టి, కంకర, కూల్చిన ఇండ్ల రాళ్ళు తెచ్చి నేల ఎత్తు చేసుకున్నం. ఆ ఎత్తు ఎదురొడ్డు వాళ్ళను ముంచింది. మన కులపోళ్ళలోనే చిన్న లీడర్లు లేచి, పహిల్వాను వదిలిన జాగలను నదిలోకి ఇంకో నాలుగు గజాలు జరిపి అమ్ముకున్నరు. నాకు తెలుసు, అందులో మా దగ్గరి చుట్టం ఒకడున్నడు. ఇవన్నీ ఈ పుస్తకంలో రాయకుండా దాచుకుంటే నాకు సారును, మిత్రుడిని ప్రశ్నించే నైతిక హక్కు లేదు.

కానీ అదే సైన్సును పై నుంచి కిందిదాక నడిపించండి. 1994 నుంచి మూసీ పాయల నడుమ ఉన్న మహాత్మాగాంధీ బస్టాండు నదిలో లేదా? ఇమ్లీబన్ అని పిలిచే ఆ లంక నీళ్ళ తొవ్వ కాదా? పక్కన మెట్రో స్తంభాలు ఎక్కడ నిలబడ్డయి? గండిపేట పైన ఫాంహౌసుల ప్రహరీలు ఎక్కడ ఉన్నయి? కొన్ని కూల్చిండ్రు, నిజమే. 69 నెంబరు జీవోతో తెరిచిన భూమి సంగతి ఏంది? మూసీ అందం కోసం 1990ల చివర నందనవనం అని ఒక పథకం పెట్టి అప్పుడు కూడా ఒడ్డు మీది పేదలనే కర్మన్‌ఘాట్ దిక్కు తోలిండ్రు. పాతికేండ్లయింది, నది అందంగా అయిందా? మురుగు ఆగిందా? పేదోడు లేచినంక కూడా నది అట్లనే ఉంటే, నదిని పాడుచేసింది పేదోడెట్ల అయితడు?

ఇది ఒక్క హైదరాబాదు సంగతి కాదు. మా గోడల మీద రంగు పడడానికి నెల ముందే విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నది. అక్కడ ఉన్నది కూలోళ్ళు, ఆటోలోళ్ళు. 2005లో అమెరికాలో న్యూ ఆర్లియన్స్ కట్టలు తెగినప్పుడు మునిగి తేలని లోయర్ నైన్త్ వార్డు నల్లజాతి పేదలది. తుపాను వాళ్ళను ఏరుకోలేదు. పల్లపు భూమి ఎవరికి మిగులుతదో అంతకుముందే నిర్ణయమైపోయి ఉంది. వరద వచ్చి ఆ నిర్ణయాన్ని అమలు చేస్తది, అంతే.

మిత్రులారా, కార్యకర్తలారా, మీతో కూడా ఒక పేచీ ఉంది. ఇండ్లు కూల్చొద్దు అని మీరు జెండాలు పట్టుకొని వచ్చినప్పుడు మా అమ్మ మీకు చాయ్ పోసింది. మంచినీళ్ళిచ్చింది. కానీ కూల్చొద్దు అనే ఒక్క నినాదంతో మీరు మమ్మల్ని మళ్ళ పల్లంలోనే ఉంచుతున్నరు. మళ్ళ నీళ్ళొచ్చిన రాత్రి మీరు ఉండరు. మాకు పల్లం మీద హక్కు అక్కర లేదు. మాకు మెరక మీద హక్కు కావాలె. పని దగ్గర, బడి దగ్గర, ఇదే నగరం నడిమిట్ల. నగరం లోపల సర్కారు భూములు లేవా? వేలం పాటలకు దొరికే ఎకరాలు మాకెందుకు దొరకవు? గోడ మీద రంగు వేయకముందు ఇల్లు చూపించాలె, కిరాయిదారులకు కూడా చూపించాలె, టీసీ అడగకముందు బడి చూపించాలె. చెరువులకు మళ్ళ నీరటి కావాలె, గింజల జీతం మీద కాదు, సర్కారు జీతం మీద. ఇవి అడగండి. వీటి మీద ధర్నా చేస్తే అమ్మను కూడా తీసుకొస్తా.

2025 సెప్టెంబరు 26 రాత్రి రెండు జలాశయాల గేట్లు ఎత్తిండ్రు. మూసీ మహాత్మాగాంధీ బస్టాండులోకి వచ్చింది. దసరాకు ఊళ్ళకు పోయేటోళ్ళు సంచులతో లోపల చిక్కుకపోతే తాళ్ళు పట్టుకొని బయటికి తెచ్చిండ్రు. బస్సులను వేరే చోట్ల నుంచి నడిపిండ్రు. నాలుగో అంతస్తులో టీవీ చూసుకుంట మా అమ్మ ఫోను చేసింది. "బిడ్డా, బస్టాండు గోడ మీద కూడ రాస్తరా ఎర్రగ?"

తెల్లారి చూడబోయిన. మా ఇల్లున్న కాడ కూల్చిన రాళ్ళు అట్లనే ఉన్నయి, ఎవరూ ఎత్తలేదు. నీళ్ళు వాటి మీదినుంచి పోయి ఇంకా ఖాళీ చెయ్యని ఇండ్లల్లకు తిరుగుతున్నయి. బస్టాండులో బురద కడుగుతున్నరు. కడుగుతున్నది ఎవరో చెప్పాల్నా? నారింజ రంగు కోట్లు వేసుకున్న మన ఆడోళ్ళు.

అమ్మ అడిగినదాన్ని సమాచార హక్కు కింద కాయితం మీద రాసిన. నది గర్భంలో ఉన్న సర్కారు కట్టడాలు ఎన్ని, వాటిలో ఎన్నింటి మీద గుర్తులు వేశారు, మూసీ కింద ఖాళీ చేయించిన ఇండ్లల్లోని బడి పిల్లలు ఎంతమంది, వాళ్ళిప్పుడు ఏ బడిలో ఉన్నారు అని. ఒక ఆఫీసు నుంచి ఇది మా పరిధి కాదు అని జవాబు వచ్చింది. ఇంకో ఆఫీసు నుంచి ముప్పై రోజులు దాటినా ఏమీ రాలేదు. అప్పీలు రాస్తున్నా. ఈసారి ఆ అయిదుగురు పిల్లల తల్లుల వేలిముద్రలు కూడా దాని మీద పెట్టిస్తున్నా.